చిత్తూరులో ఇల్లు, తిరుపతిలో ఆఫీసు: రోజూ వెళ్లొచ్చే డేటా అనలిస్టులకు

చిత్తూరులో ఇల్లు, తిరుపతిలో ఉద్యోగం అనగానే ఎవరైనా ముందు అడిగేది “అక్కడే ఒక ఇల్లు తీసుకోకూడదా?” అని. మా అత్తమ్మకి ఇక్కడి డాక్టరు అలవాటు, పాపకి ఇక్కడి బడి అలవాటు, గ్రీమ్స్‌పేటలో ఉన్నది సొంతిల్లు. అందుకని తీసుకోలేదు. మీకూ ఇలాంటి కారణాలేవో ఉండి, పొద్దున ఓ డెబ్బై, సాయంత్రం ఓ డెబ్బై కిలోమీటర్లు తిరగక తప్పదనుకుంటే ఇది చదవండి.

నేను ఒక పాల కంపెనీ ఆఫీసులో డేటా అనలిస్టుని. పేరు గొప్పగానే ఉంటుంది. పల్లెల్లో తెల్లారి పోసిన పాల లెక్కని పదకొండు గంటలకల్లా మేనేజరుకి అర్థమయ్యేలా ఒక పేజీలో పెట్టాలి, మధ్యాహ్నం ఆ అంకెల వెనక ఏం జరుగుతోందో వెతకాలి. అంతే పని. మీది ఆసుపత్రి అయినా, ఫ్యాక్టరీ అయినా ఇందులో చాలా భాగం మీకూ పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు ఒక నియమం పెట్టుకోండి: ఆలోచించే పని బస్సులో, చేత్తో చేసే పని ఆఫీసులో. లాప్‌టాప్ బస్సులో తీయనే వద్దు. రైతుల బ్యాంకు అకౌంటు నంబర్లు, పేమెంట్లు పక్క సీటాయన తాపీగా చదువుతూ ఉంటాడు. మనవాళ్లకి ఎదుటివాళ్ల స్క్రీన్ చూడటం తప్పు అనిపించదు. పైగా గతుకులో వేలు జారి ఒక అంకె పక్క సెల్లులో పడితే, దాన్ని పట్టుకోడానికి ఆఫీసులో గంట పోతుంది. బస్సులో ముప్పావు గంట కలిసొచ్చిందని సంబరపడేవాళ్లు ఈ గంట సంగతి లెక్కేసుకోరు.

బస్సా, రైలా

నా ఓటు బస్సుకే. బెంగళూరు, వేలూరు, పలమనేరు, కుప్పం నుంచి తిరుపతి పోయే బస్సులు చాలావరకు చిత్తూరు మీదుగానే పోతాయి కాబట్టి స్టాండులో ఎక్కువసేపు నిలబడే పని ఉండదు. అయితే ఏ బస్సు ఎక్కుతున్నారో చూసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆంధ్రప్రదేశ్ అడ్రసున్న గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొడతారు. దాన్ని తీసుకుని దిగేదాకా దగ్గర పెట్టుకోవాలి. నాన్‌స్టాప్ బస్సులకీ, రాష్ట్రం దాటే సర్వీసులకీ, సూపర్ లగ్జరీ లాంటివాటికీ ఇది వర్తించదు. మన రూట్లో కొత్తవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. ఎక్స్‌ప్రెస్ అని రాసుంటుంది, ఎక్కి కూర్చుంటారు, అది బెంగళూరు నుంచి వస్తున్న బస్సు అయి ఉంటుంది.

“యాడికి మ్మా?”

“తిరుపతి అన్నా. కార్డు ఉంది.”

“బెంగళూరు సర్వీసు మ్మా ఇది, టికెట్ తీసుకోవాల.”

ఆయన్ని ఏమీ అనేది లేదు, రూలు అదే. అందుకే మెట్టు మీద కాలు పెట్టే ముందే ఎక్కడి నుంచి వస్తోందని అడగండి. లేటయిన రోజు డబ్బులిచ్చి అందులోనే వెళ్లిపోండి, రిపోర్టు ఆలస్యమయ్యే దానికన్నా ఆ చార్జీ నయం. మగవాళ్లు డిపోలోని పాస్ కౌంటర్లో నెల సీజన్ టికెట్ గురించి కనుక్కుంటే ఖర్చు తగ్గుతుంది.

రైలు చిత్తూరు నుంచి పూతలపట్టు, పాకాల, పనపాకం, చంద్రగిరి మీదుగా పోతుంది. నెల సీజన్ టికెట్ బస్సు చార్జీతో పోలిస్తే చాలా చవక. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే ఆ సీజన్ టికెట్ మీద అదనంగా కట్టాలి. రిజర్వేషన్ బోగీలో కూర్చోకూడదు. ఇబ్బందల్లా ఇది ఒంటి లైను కావడమే. ఎదురు బండి వస్తే మనది ఏదో స్టేషన్లో ఆగిపోతుంది, ఎంతసేపో ఎవరూ చెప్పరు. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్లకి రెండో లైను వేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. అది పూర్తయ్యేదాకా పదకొండు గంటల రిపోర్టు ఉన్నవాళ్లు పొద్దున పూట రైలుని నమ్ముకోకపోవడం మేలు. సాయంత్రం తొందర లేదు కదా, అప్పుడు హాయిగా ఎక్కొచ్చు.

సీటు విషయం చిన్నదే కానీ మే నెలలో పెద్దదవుతుంది. చిత్తూరు నుంచి తిరుపతి ఈశాన్యంగా ఉంటుంది. పొద్దున తూర్పు ఎండ కుడివైపు కిటికీల్లో పడుతుంది. సాయంత్రం వెనక్కి వస్తుంటే పడమటి ఎండ కూడా కుడివైపే పడుతుంది. రెండు పూటలా ఎడమవైపు, అంటే మెట్లున్న వైపు కూర్చోండి.

బస్సులో ఏం చేయాలి

జేబులో పట్టే నోటు పుస్తకం, ఒక పెన్ను. ఫోన్ కూడా కావాలి గానీ దానికి ఒక హద్దు ఉండాలి. సీట్లో కూర్చోగానే పాల సేకరణ సెంటర్ల వాట్సాప్ గ్రూపు ఒకసారి చూస్తాను. పొద్దుటి పాల లెక్క ఎవరు అప్‌లోడ్ చేశారు, ఎవరు చేయలేదు అన్నది మాత్రమే. చేయనివాళ్లకి అప్పుడే మెసేజ్ పెడితే నేను ఆఫీసుకి చేరేలోపు వచ్చేస్తుంది. ఆఫీసుకెళ్లి అడిగితే పాల కేంద్రం మూసేసి ఆ అబ్బాయి పొలానికి పోయి ఉంటాడు, ఇక మధ్యాహ్నం దాకా దొరకడు. ఈ ఒక్క పని బస్సు ఎక్కగానే చేయడం వల్ల ఎంత టెన్షన్ తగ్గుతుందో చెప్పలేను.

తర్వాత ఫోన్ సంచిలో వేసి, ఈరోజు తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటి పుస్తకంలో రాస్తాను. “పాల సేకరణ విశ్లేషణ” అని రాస్తే అది ప్రశ్న కాదు. “పాకాల రూట్లో సాయంత్రం పాలు తగ్గాయా, పోసే రైతులు తగ్గారా?” అంటే ప్రశ్న. దాని కింద జవాబు ఏ పట్టికలో ఉంటుంది, ఏ రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టాలి, జవాబు అవునని వస్తే మేనేజరు ఏం చేస్తాడు, కాదని వస్తే ఏం చేస్తాడు అని రాస్తాను. రెండింటికీ ఆయన చేసేది ఒకటే అయితే ఆ ప్రశ్న కొట్టేసి ఇంకొకటి చూసుకుంటాను. గాదంకి వచ్చేసరికి ఇది అయిపోతుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 యాంటెనాలున్న రాడార్ ఉంది, నెత్తి మీద గాలి ఎటు కదులుతోందో కొలుస్తుంటారు. ఆ డేటా శుభ్రం చేసేవాళ్ల కష్టాలు ఎలా ఉంటాయో అని నాకెప్పుడూ ఒక కుతూహలం.

గాదంకి నుంచి చంద్రగిరి దాకా నిద్రపోండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

తిరుపతిలో బస్సు ఊళ్లోకి ఏ దారిన పోతుందో కండక్టరుని ముందే అడిగి పెట్టుకోండి. ఎయిర్ బైపాస్ రోడ్డు, ఎం.ఆర్.పల్లి వైపు ఆఫీసులున్నవాళ్లు బస్టాండు దాకా పోయి మళ్లీ వెనక్కి రావడం దండగ, దారిలోనే దిగి షేర్ ఆటో ఎక్కితే అయిపోతుంది. రేణిగుంట రోడ్డు, తిరుచానూరు రోడ్డు వాళ్లకి బస్టాండే దగ్గర. సొంత బండి మీద వచ్చేవాళ్లకి శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తిగా తెరిచాక, అంటే 2023 సెప్టెంబర్ నుంచి, ఊరు దాటడం సులువైంది. గట్టి వాన పడిన రోజు మాత్రం వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జి వైపు ఎవరూ పోవద్దు. అక్కడ నీళ్లు నిలిస్తే లోతు పైనుంచి చూస్తే తెలియదు.

తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా

ఈ గంటన్నర మీ ఉద్యోగానికి ఆయువుపట్టు. లెక్కలు కట్టడం అందరూ చేస్తారు, ఎక్సెల్ అడిగిన వెంటనే చేసిపెడుతుంది. వచ్చిన అంకెని నమ్మాలా వద్దా అని తేల్చడం మన పని. నేను వరసగా చూసేవి చెబుతాను.

మొదటిది కొలత. పాలు లీటరు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. ఒక సెంటరు లీటర్లలో రాసి, చిల్లింగ్ ప్లాంటులో కిలోల్లో తూకం వేస్తే వెయ్యి లీటర్లు 1030 అయి కనిపిస్తాయి. సెంటరు కిలోల్లో, ప్లాంటు లీటర్లలో రాస్తే మూడు శాతం పాలు దారిలో మాయమైనట్టు తేలుతుంది, పాపం ట్యాంకర్ డ్రైవరుని నిలదీస్తారు. ఎక్కడైనా తేడా మూడు శాతం దగ్గరే ఆడుతుంటే మనిషిని అనుమానించే ముందు కాలమ్ పైన కొలత ఏం రాసుందో చూడండి.

రెండోది ఫ్యాట్, అంటే వెన్న శాతం. మన జిల్లాల్లో ఎక్కువ సంకరజాతి ఆవులే. ఆవుపాలలో వెన్న మామూలుగా 3 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది, ఎనుము పాలలో ఇంకా ఎక్కువ. ఆవుపాలకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ పెట్టిన కనీస ప్రమాణం ఫ్యాట్ 3.2, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో మిగిలే ఘనపదార్థం) 8.3. ఇప్పుడు ఫ్యాట్ కాలమ్‌ని పెద్ద నుంచి చిన్నకి పేర్చండి. పైన 36, 41 కనబడితే ఎవరో చుక్క పెట్టడం మరిచారు. కింద 0.4 ఉంటే చుక్క తప్పు చోట పడింది. రైతుకి డబ్బు ఈ అంకె మీదే వస్తుంది కాబట్టి ఊహించి దిద్దకండి, సెంటరుకి ఫోన్ చేసి మిషన్ స్లిప్పు ఫోటో తెప్పించుకోండి. మొదటి అంకె కూడా పక్క కాలమ్‌లో అలాగే ఉంచండి. వారం తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం.

మూడోది కోడ్‌లు. సెంటరు కోడ్ 0147 అయితే ఎక్సెల్ దాన్ని 147 చేసేస్తుంది, అప్పుడు వీలుకప్ (కోడ్‌ని బట్టి వివరాలు వెతికిపెట్టే ఫార్ములా) దొరకలేదని చెబుతుంది. అకౌంటు నంబరు పదహారు అంకెలుంటే ఇంకా ప్రమాదం. ఎక్సెల్ అంకెగా గుర్తుపెట్టుకునేది 15 స్థానాలే, పదహారోది సున్నా అయిపోతుంది. ఫైలు నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరవకుండా పవర్ క్వెరీ (ఎక్సెల్‌లోనే ఉండే, ఫైళ్లు తెచ్చుకునే సాధనం) ద్వారా తెచ్చి, కోడ్‌లు, అకౌంట్లు టెక్స్ట్ అని ముందే చెప్పేయండి. సేవ్ చేశాక మార్చుకుందామంటే పోయిన అంకె తిరిగి రాదు.

తేదీలకి కంటితో పట్టే గుర్తు ఒకటుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు సెల్లులో కుడికి, కొన్ని ఎడమకి అతుక్కుని ఉంటే, ఎక్సెల్ నెలని రోజనీ, రోజుని నెలనీ అనుకుంటోందని అర్థం. 12 దాటిన రోజుల్ని తేదీగా ఒప్పుకోక టెక్స్ట్‌గా వదిలేసింది, 12 లోపువాటిని తప్పుగా ఒప్పుకుంది. కుడికి ఉన్నవి బాగున్నాయనుకుని వదిలేయొద్దు, అసలు తప్పు వాటిలోనే ఉంది.

ఇక ఊర్ల పేర్లు. పూతలపట్టుని ఇంగ్లీషులో ఒకరు టీ పక్కన హెచ్ పెట్టి రాస్తారు, ఒకరు హెచ్ లేకుండా, ఇంకొకరు మొదట్లో రెండు ఓలు వేసి. చివర ఒక స్పేస్ పడిందంటే అది నాలుగో ఊరు. పేరుతో ఎప్పుడూ కలపకండి, కోడ్‌తోనే కలపండి. పేరు చదువుకోవడానికి మాత్రమే.

జిల్లా సంగతి దీనికన్నా మెలిక. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరు పడింది. పాకాల, చంద్రగిరి తిరుపతిలోకి వచ్చాయి, పూతలపట్టు చిత్తూరులోనే ఉంది, మదనపల్లె వైపు మండలాలు అప్పుడు అన్నమయ్య జిల్లాకి పోయాయి. పాత ఫైళ్లలో ఇవన్నీ చిత్తూరే. జిల్లా వారీగా పాత ఏళ్లతో పోలిస్తే చిత్తూరులో పాలు కుప్పకూలినట్టు గ్రాఫు వస్తుంది, నిజానికి ఒక్క ఆవు కూడా కదల్లేదు. మండలం కోడ్, జిల్లా, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా అని నాలుగు కాలమ్‌ల పట్టిక ఒకటి విడిగా కట్టి పెట్టుకోండి. హద్దులు మళ్లీ మారినా అందులో ఒక వరస చేరిస్తే సరిపోతుంది.

రిపోర్టులో మొదట గ్రాఫు పెట్టకండి. మొదట వాక్యం పెట్టండి. “పాకాల రూట్లో నిన్నటికన్నా 8 శాతం తక్కువ, రెండు సెంటర్లు ఇంకా పంపలేదు, మిగతావి మామూలే” అన్నట్టు. పంపనివాళ్ల సంగతి దాచి మొత్తం అంకె ఒక్కటే చూపిస్తే, తగ్గినది పాలా, డేటానా అన్నది చదివేవాళ్లకి తెలియదు.

మధ్యాహ్నం బాక్సు

రెండు గంటల దారి, ఆపైన నాలుగు గంటల ఆఫీసు తట్టుకునేవే పెట్టుకోండి. సాంబారు కారుతుంది, రాగి సంగటి చల్లారితే గట్టిపడుతుంది. పులిహోర, చపాతీ, లేదా అన్నంలోకి చెనక్కాయల ఊరిబిండి నిలబడతాయి. పెరుగన్నం ఎండాకాలంలో పులిసిపోతోందంటే పొద్దున మెత్తటి అన్నంలో కాచి ఆర్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక చెంచా మాత్రమే కలపండి. ఒంటిగంటకి సరిగ్గా తోడుకుని తియ్యగా ఉంటుంది.

క్యాలెండరులో ఇంకో కాలమ్

ఈ దారిలో తిరిగేవాళ్లకి ప్రభుత్వ సెలవుల జాబితా చాలదు. మీ క్యాలెండరులో “దారి” అని ఒక కాలమ్ వేసుకోండి. తమిళుల పురటాసి నెల, అంటే సెప్టెంబర్ నడుమ నుంచి అక్టోబర్ నడుమ దాకా, శనివారాలు తిరుమల వెళ్లే భక్తులతో వేలూరు వైపు నుంచి వచ్చే బస్సులు చిత్తూరుకే నిండిపోయి వస్తాయి. ఆ రోజు చిత్తూరు స్టాండులోనే బయలుదేరే బస్సు కోసం అరగంట ముందు రండి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు వీలైతే సెలవు పెట్టేయడం మంచిది. వినాయక చవితి నుంచి 21 రోజులు కాణిపాకం బ్రహ్మోత్సవాలు, ఆ మలుపు దగ్గర నెమ్మదిస్తుంది. మేలో తిరుపతి గంగజాతర చివరి రోజుల్లో పాత ఊరి వీధులు కదలవు. జూన్, జులైలో తోతాపురి మామిడి లోడ్ల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరతాయి, దామలచెరువు మండీకి పోయే బళ్లు సరేసరి. నవంబర్ అంటే తుపాన్ల నెల. 2021 నవంబర్ వరదలు చూసినవాళ్లకి వివరించక్కర్లేదు.

ఆ కాలమ్‌ని ఆఫీసు డేటాకి కూడా కలపండి. సంక్రాంతికి, కనుమకి ఇళ్లలో పాలు ఎక్కువ ఉంచుకుంటారు. కనుమ రోజు చంద్రగిరి దగ్గర రంగంపేటలో పశువుల పండగ, ఆ చుట్టుపక్కల పాల కేంద్రానికి వచ్చే తీరిక ఎవరికుంటుంది? పండగ పక్కనే రాసి ఉంటే ఆ తగ్గుదల చూసి ఎవరూ కంగారు పడరు. కిందటేడు అదే తేదీతో కాకుండా కిందటేడు అదే పండగతో పోల్చండి. వినాయక చవితి ఏటా ఒకే తేదీన రాదు కదా.

సాయంత్రం

అయిదింటికి ఎవరో ఒకరు వస్తారు. “చిన్న రిపోర్టే మ్మా, అయిదు నిమిషాలు.” అయిదు నిమిషాల రిపోర్టు అంటూ ఏదీ ఉండదు. ఎదురు చెప్పడం కన్నా ఒక ప్రశ్న అడగడం సులువు: “సార్, ఇది చూసి ఈ రాత్రికే ఏదైనా నిర్ణయం తీసుకోవాలా?” తీసుకోవాలంటే కూర్చుని చేసిపెట్టండి, ఇంట్లో ఒక ఫోన్ కొట్టండి. అక్కర్లేదంటే రేపటి పుస్తకంలో మొదటి ప్రశ్న అదే అవుతుంది, పదకొండింటికి ఆయన బల్ల మీద ఉంటుంది. పొద్దుటి రిపోర్టు రోజూ టైముకి వస్తుంటే ఈ మాటకి ఎవరూ ఏమీ అనుకోరు.

లేచే ముందు ఫైలు పేరులో తేదీని ఏడాది, నెల, రోజు వరసలో పెట్టి సేవ్ చేయండి, అప్పుడు ఫోల్డరులో వాటంతట అవే వరసగా నిలబడతాయి. “ఫైనల్”, “కొత్త ఫైనల్” అని పేర్లు పెట్టేవాళ్లు మా ఆఫీసులో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి నేను చెప్పడం మానేశాను.

తిరుగు ప్రయాణంలో ఆఫీసు గ్రూపుని మ్యూట్‌లో పెట్టండి. సీటు కావాలంటే ఎం.ఆర్.పల్లిలో చెయ్యి ఊపకుండా, కాస్త దూరమైనా బస్టాండుకే పోయి ఎక్కండి. శనివారం సాయంత్రం మాత్రం దర్శనం చేసుకుని వేలూరు, బెంగళూరు తిరిగి వెళ్లేవాళ్లతో ప్లాట్‌ఫారాలు నిండిపోతాయి. ఆ ఒక్క పూటకి పాకాల మీదుగా పోయే రైలు టైము చూసి పెట్టుకోండి.